అత్త చావడం లేదు

భరణి కార్తె, మొదటి సోమవారం

రాసుకో గోడా. ఊపిరి గది, కొత్తరేవు. చెబుతున్నది నూకరత్నం. ఇంకెవరు చెబుతారులే, ఉన్నదే నేనొక్కదాన్ని. ఇద్దరి పని ఒక్కరి నెత్తిన పెట్టి ఇది మూడో ఏడు.

నేను చెప్పిందల్లా రాసుకునే పాత గోడకి అన్నీ తెలుసు. పోయిన వారం దాన్ని పీకేసి నిన్ను పెట్టారు కాబట్టి మళ్లీ మొదటినుంచీ చెప్పుకు రావాలి. పొద్దున్నే అత్తకి గంజి పోశాను. అత్త అంటే మనిషి కాదు. సీసాలో పెరిగే ఊపిరితిత్తి కణాలు. ఊళ్లో ఇంకా చలువపొడి చల్లడం మొదలెట్టకముందు గౌరమ్మ అనే ఆవిడ పోతూ పోతూ తన ఊపిరితిత్తిలో చిన్న ముక్క ఈ గదికి ఇచ్చి వెళ్లింది. ఆవిడ ఎవరికి అత్తో నాకు తెలీదు. నేను చేరేనాటికే అందరూ అత్త అనేవారు. "అత్తకి గంజి పోశావా", "అత్తకి చలేస్తోంది, పొయ్యి పెంచు" అని. నాకూ అలవాటైపోయింది.

గంజి గులాబీ రంగులో ఉంటుంది. పసుపు తిరిగితే అత్త తినేసిందని లెక్క. ఓడలో వస్తుంది, కొలిచి ఇస్తారు, ఒలికితే సంజాయిషీ రాయాలి.

మధ్యాహ్నం, మిల్లు ఆడించి పంపిన ఈ వారం చలువపొడి మనిషికి పడుతుందో లేదో చూడ్డానికి గిన్నెల మీద ఊదాను. గిన్నె అంటే బొటనవేలంత. మధ్యలో సన్న పొర, పొర మీద అత్త, కింద గంజి. పైన గాలి, కింద తడి, మన రొమ్ములో ఉన్నట్టే. పొడి ఎంత సన్నమంటే మిల్లు వాళ్లు ఖాళీ డబ్బా పంపారేమో అనిపిస్తుంది. అదే ఎండాకాలమంతా ఆకాశంలో వేలాడి ఎండని వెనక్కి తోలుతుంది. దానివల్లే మనం ఈ ఊళ్లో పగలు బయట తిరగగలుగుతున్నాం. ఆ మాట మిల్లు వాళ్లు రోజుకి పదిసార్లు చెబుతారు, నేనొకసారి చెప్పాను.

కాళ్లు లాగుతున్నాయి. ఇవాళ్టికి ఇంతే.

భరణి కార్తె, మొదటి గురువారం

ఫలితం. గిన్నెల్లో పసుపురంగు మందు పోశాను. బతికున్న కణాలు దాన్ని తాగి వంకాయ రంగు చేస్తాయి. చచ్చినవి చెయ్యలేవు, పసుపు పసుపుగానే ఉండిపోతుంది. అన్ని గిన్నెలూ నిగనిగలాడే వంకాయలే. పొడి మంచిదని రాసుకో. ఎప్పుడు కాలేదు కనుక.

ప్రతి వరసలో చివరి గిన్నెకి మందు పోయం. అది తోడుకి. పొడి ఊదినా బతికి బట్టకట్టిన అత్తని మెల్లగా గీకి మళ్లీ పెద్ద సీసాలో కలిపేస్తాం. రేపటి పెరుగుకి ఇవాళ్టి పెరుగులోంచి చెంచాడు తీసిపెట్టుకోమా, అలాగే. గంజి కరువు, అత్త ఒక్కతే. ప్రాణమున్నదాన్ని చూస్తూ చూస్తూ సింకులో పోస్తామా. ఇది నేను చేరకముందు నుంచీ ఉన్న పద్ధతే.

సాయంత్రం తమ్ముడింటికి వెళ్లాను. మా అప్పలకొండది టవరెక్కి పొడి ఊదే పని. ఊరికి చలువ వాడి గొట్టంలోంచే వస్తుంది. నన్ను చూసి "అప్పా" అన్నాడు, మిగతా మాట దగ్గులో కొట్టుకుపోయింది. గోడ పట్టుకుని వంగిపోయాడు. వాడి పెళ్లాం సన్యాసమ్మ వీపు నిమురుతూ నావైపు చూసింది. ఆ చూపు నాకు నచ్చలేదు.

"చుట్ట మానరా అంటే వినవు" అన్నాను.

"మానేసి రెండేళ్లయింది వదినా" అంది సన్యాసమ్మ.

"మరి ముందు కాల్చినదంతా ఎక్కడికి పోతుంది. మా గదిలో అత్త మీద రోజూ ఊదుతున్నాను. దానికి లేని దగ్గు వీడికెందుకు?"

వాడు నవ్వాడు. "మీ అత్త గట్టి పిండమప్పా. నాకంత లేదు."

భరణి కార్తె, మొదటి శనివారం

దరిద్రం తలుపు తట్టి రాదు. పెద్ద సీసాకి బూజు పట్టింది. గంజి మీద తెల్లటి నూగు. కరెంటు పోయినప్పుడు మూత దగ్గర చెమ్మ చేరినట్టుంది. మొత్తం మరిగించి పారబోశాను. వెనక తోడు గిన్నె ఒక్కటి మిగిలింది. దాంతో చిన్న సీసా వేస్తే సగం గిన్నెలకే సరిపోతుంది.

మిల్లు నుంచి అప్పుడే రోహిణి పొడి వచ్చి కూర్చుంది. ఏడాదిలో పెద్ద మూట అదే. రోహిణి ఎండకి రోళ్లు పగులుతాయి కాబట్టి పొడి మిగతా కార్తెల కంటే సన్నంగా, రెట్టింపు చల్లుతారు. రోహిణి మొదటి రోజు పొద్దున్నే మా వాడు టవరెక్కి ఊదాలి. ఈలోపు నేను మంచిదని చెప్పాలి.

ఈ గదికి పెద్ద, భుజంగరావు గారికి చెప్పాను. ఆయన కళ్లజోడు తీసి తుడుచుకుని, "మంచు బిందెలో ఏమైనా ఉందేమో చూడమ్మా" అన్నారు. పాత కణాలు గడ్డకట్టించి దాచే బిందె అది, అడుగున చెయ్యి పెట్టేసరికి తొడుగులోంచి కూడా వేళ్లు మొద్దుబారాయి. చిట్టచివర ఒకే ఒక్క గొట్టం దొరికింది. మొదటి ఏడాది అత్త. అసలు గౌరమ్మ.

కరిగించి గంజి పోశాను. లేస్తుందో లేదో.

భరణి కార్తె, రెండో శుక్రవారం

లేచింది. బిడియంగా, మెల్లగా. మన అత్త సీసాలో పెత్తనం చేసినట్టు పరుచుకుంటుంది. ఈవిడ కొత్త కోడలల్లే ఓ మూలనుంచి మొదలెట్టింది.

పళ్లెంలో సగం గిన్నెలు మన అత్తవి, సగం పాత అత్తవి పెట్టాను. అందులో పెద్ద ఆలోచనేం లేదు. గిన్నెలు చాలక అంతే. రోహిణి పొడి ఊదాను. ఇవాళ మందు పోశాను.

సగం పళ్లెం వంకాయ. సగం పళ్లెం పసుపు.

నావల్లే ఎక్కడో పొరపాటు జరిగిందనుకున్నాను. ఆ సగానికి మందు సరిగ్గా పడలేదేమో అని మళ్లీ పోసి కూర్చున్నాను. పసుపు కదల్లేదు. భూతద్దంలో చూస్తే పాత అత్త పొర మీదనుంచి ఊడిపోయి గంజిలో తేలుతోంది.

మంచులో పడుండి నీరసించిపోయిందేమో. అంతే అయ్యుంటుంది. మళ్లీ చేస్తాను. ఆదివారం కూడా రావాలన్నమాట.

కృత్తిక కార్తె, మొదటి మంగళవారం

రాసుకో. పాత అత్త మీద ఉత్త గాలి ఊదాను, బతికింది. భరణిలో మంచిదని పంపించిన పొడి ఊదాను, సగం చచ్చింది. రోహిణి పొడి ఊదాను, మొత్తం చచ్చింది. అంటే నీరసం కాదు. మన అత్తకేమో దేనికీ చీమ కుట్టినట్టయినా లేదు. ఒకే మనిషి ముక్క కదా రెండూ. ఒకటి చస్తుంటే రెండోది ఎందుకు చావడం లేదు?

బుర్ర పనిచెయ్యక తమ్ముడింటికి వెళ్లాను. వాడు పడుకుని ఉన్నాడు. కూర్చుని నిద్రపోతాడట ఈ మధ్య, పడుకుంటే ఊపిరాడదని. ఇవాళ అలసిపోయి అలాగే వాలిపోయాడు. సన్యాసమ్మ నాకు అన్నం పెట్టి పెరుగు వేసింది. నోట్లో పెడితే పళ్లు జివ్వుమన్నాయి.

"ఇదేం పెరుగే తల్లీ. చింతపండు పిండినట్టుంది" అన్నాను.

"ఏటి చెయ్యను వదినా. వేసవి మొదలైనప్పటినుంచీ ఇంతే. పులిసిన తోడేసి మళ్లీ అదే పులిసిన తోడు తీస్తన్నాను కదా. ఎంత మంచి పాలు పోసినా అదే వస్తాది. పక్కింట్లో కొత్త తోడు అడగాల."

చేతిలో ముద్ద కంచంలో పెట్టేశాను.

ఏళ్ల తరబడి మేం చేసిందీ అదే కదా. పొడి ఊదుతాం. మెత్తనివి చస్తాయి. వాటిని పారబోసి, చావనివాటిని ఏరి సీసాలో వేసుకుంటాం. మళ్లీ ఊదుతాం, మళ్లీ ఏరతాం. అత్త మీద ప్రేమకొద్దీ, గంజి పొదుపుకొద్దీ, పొడికి చావని అత్తని చేతులారా పెంచాం. ఆవిడని అడిగి ఊరికి చెబుతున్నాం, పొడి మంచిదేనని. ఆవిడ మాత్రం ఏం చెబుతుంది.

అన్నం వదిలేసి లేచాను. సన్యాసమ్మ పెరుగు వల్ల అనుకుని నొచ్చుకుంది. కాదని చెప్పే ఓపిక కూడా లేకపోయింది.

కృత్తిక కార్తె, మొదటి బుధవారం

భుజంగరావు గారికి పళ్లెం చూపించాను. తోడు సంగతి చెప్పాను. కోప్పడతారనుకున్నాను. కోప్పడితే బాగుండేది.

"పోయినేడు పొడి ఆలస్యమైంది గుర్తుందా నూకరత్నమ్మా" అన్నారు.

గుర్తుండకేం. రోహిణిలో నాలుగు రోజులు చలువ లేదు. రేకుల కాలనీలో మంచాల మీదే పోయారు. వాళ్లలో ఈయన తల్లి కూడా ఉంది. ఒక్కపూట తలుపు వేసుకుని పడుకుంది, సాయంత్రం తీసేసరికి అంతే.

"ఈ పొడి ఆపితే ఎండ చంపుతుంది. ఆపకపోతే ఇది చంపుతుంది. మీరేమంటారు?"

"నేనేమంటాను సార్. ఎండ వస్తే జనానికి తెలుస్తుంది. గోనెలు తడిపి కట్టుకుంటారు, నీడకి పోతారు. దీన్నుంచి ఎక్కడికి పోతారు? మనం మంచిదన్నామని గుండెలనిండా పీలుస్తున్నారు."

ఆయన తలూపారు. తర్వాత అసలు చిక్కు చెప్పారు. పాత అత్తని మిల్లు వాళ్లు ఒప్పుకోరు. మంచులో మురిగిన ముక్కని పట్టుకొచ్చి మా రోహిణి పొడి ఆపుతారా అంటారు. ఇప్పుడు, ఈ ఊళ్లో, ఈ గాలి పీలుస్తున్న మనిషి ఊపిరితిత్తి కావాలి. అది చస్తే ఆయన సంతకం పెడతారు. ఎవరైనా ఆసుపత్రికి వచ్చి, గొట్టం వేయించుకుని, రొమ్ము కడిగించుకుని, కణాలు కొట్టుకొచ్చే ఆ కడుగునీళ్లు ఇవ్వాలి.

"ఎవరిస్తారు సార్?"

ఆయన నావైపు చూడకుండా, "బాగా దగ్గే వాళ్లదైతే మిల్లు నోరెత్తదు" అన్నారు.

కృత్తిక కార్తె, మొదటి శుక్రవారం

అడిగాను. తమ్ముడు మంచం మీద కూర్చుని మోకాళ్ల మీద దిండు పెట్టుకుని దానిమీద వాలి ఉన్నాడు. నేను చెప్పినదంతా విన్నాడు. తోడు సంగతి, పసుపు గిన్నెల సంగతి. చుట్ట వల్ల కాదురా అని కూడా చెప్పాను. ఇన్నాళ్లూ వీణ్ణి తిట్టిన తిట్లన్నీ ఒక్కసారిగా గుర్తొచ్చాయి.

"అయితే నన్ను కూడా అత్తని చేసేస్తావన్నమాట" అన్నాడు.

"తమ్ముడివిగానే ఉంచుతాన్లే."

"నాకోటి చెప్పప్పా. నేను పన్నెండేళ్లనించీ పీలస్తన్నాను. మీ అత్తలాగ నాదీ గట్టిపడిపోయి ఉంటే? చావకపోతే?"

ఇదే మాట భుజంగరావు గారూ అడిగారు. ఆయనకి చెప్పిందే వీడికీ చెప్పాను. "గట్టిపడితే దగ్గెందుకురా. సీసాలో చచ్చినవాటిని నేను పారబోస్తాను. నీ రొమ్ములో ఎవరు పారబోస్తారు? అక్కడే పడి కుళ్లుతాయి."

వాడు దిండు సర్దుకుని, "చావకపోతే నేనే టవరెక్కి ఊదాలి, అంతేనా" అన్నాడు.

"అంతే."

"ఎక్కితే దిగను" అన్నాడు మామూలుగా. వంటింట్లో గిన్నెల చప్పుడు ఆగిపోయింది.

మానేయరా అని ఎన్నిసార్లు అన్నానో. టవరు మానేస్తే ఆ పనితో ఇచ్చిన క్వార్టరు ఖాళీ చెయ్యాలి. చలువ గోడలున్న ఇల్లు ఈ ఊళ్లో అంత తేలిగ్గా దొరకదు. జబ్బని సెలవు అడిగితే, ఊపిరి గది పొడి మంచిదన్నాక జబ్బెక్కడిదంటారు. అంటే నేనే.

మధ్యాహ్నం ఆసుపత్రిలో గొట్టం వేశారు. ఉప్పునీళ్లు పోసి తిరిగి లాగారు. వాడు నా మణికట్టు పట్టుకున్న చోట నలుపు తేలింది. సీసాలోకి వచ్చిన నీళ్లు బియ్యం కడిగిన నీళ్లలా ఉన్నాయి. అది జబ్బు తెలుపు కాదు, పొడి తెలుపు. దాన్ని వడకట్టి, కడిగి, గంజిలో వేశాను. సీసా మీద "తమ్ముడు" అని రాశాను. ఈ గదిలో అన్నిటికీ వరస పెట్టి పిలవడం అలవాటు కదా.

కృత్తిక కార్తె, రెండో మంగళవారం

తమ్ముడికి గంజి పోశాను. సరిగ్గా తినడం లేదు. చిన్నప్పుడూ అంతే, అమ్మ బతిమాలేది.

నా బతుకు ఎలా ఉందో చెబుతాను, రాసుకో. పొద్దున్న లేచి ఈ సీసా దగ్గర నిలబడి పెరగరా నాయనా అనుకుంటాను. పెరిగితేనే గిన్నెలకి సరిపోతాడు. గిన్నెల్లో పెట్టాక చావాలని కోరుకోవాలి. సాయంత్రం ఇంటికెళ్లి అసలు వాడి వీపు నిమురుతూ బతకరా అనుకోవాలి. ఒక మనిషి మీద ఇన్ని రకాల కోరికలు నేను మొయ్యలేను. నాకు నిద్ర కావాలి.

ఊళ్లో గాలివార్త పాకింది. కుళాయి దగ్గర ఒకావిడ బిందె అడ్డంపెట్టి, "నీ తమ్ముడి దగ్గు కోసం మా పిల్లల్ని ఎండలో మాడుస్తావా" అంది. ఆవిడ చంకలో పిల్ల. నేను మాటకి మాట చెప్పేదాన్నే, ఎప్పుడూ ఊరుకున్నది లేదు. ఆ పిల్ల దగ్గింది. ఖాళీ బిందెతో వచ్చేశాను.

కృత్తిక కార్తె, రెండో గురువారం

గిన్నెలు నిండాయి. సగానికి ఉత్త గాలి, సగానికి రోహిణి పొడి. భుజంగరావు గారు పక్కన నిలబడ్డారు, మిల్లు మనిషిని కూడా పిలిపించి నిలబెట్టారు. నేను ఊదాను. మీట నొక్కుతున్నప్పుడు నాకు తెలీకుండానే నా ఊపిరి బిగబట్టాను. మూడు రోజులు ఆగే వ్యవధి లేదు, రేపే చూస్తాం.

కృత్తిక కార్తె, రెండో శుక్రవారం

రాసుకో గోడా, సరిగ్గా రాసుకో. ఉత్త గాలి ఊదిన గిన్నెలు వంకాయ రంగు. రోహిణి పొడి ఊదినవి పసుపు. మొత్తం పసుపు.

మిల్లు మనిషి పళ్లెం ఎత్తి వెలుతురులో పట్టుకున్నాడు. అటూ ఇటూ తిప్పాడు. అతను కూడా నోటికి గుడ్డ అడ్డం పెట్టుకుని దగ్గడం చూశాను. భుజంగరావు గారు రోహిణి పొడి ఆపమని సంతకం పెట్టారు. పెట్టి, కాలనీలో గోనెసంచులు ఎన్ని ఉన్నాయో, నీళ్ల బళ్లు ఎన్ని కావాలో కనుక్కోమని మనుషుల్ని పంపడానికి వెళ్లిపోయారు. మిల్లు ఈసారి ముతకగా ఆడించి కొత్త పొడి పంపుతుందట. ముతకది త్వరగా కిందకి రాలిపోతుంది, చలువ తక్కువ, మృగశిర దాకా రాదు. ఈ రోహిణి మనమే దాటాలి. కొందరు దాటరు. ఆ సంగతి సంతకం పెట్టిన ఆయనకీ తెలుసు, ఊదిన నాకూ తెలుసు.

వాళ్లు వెళ్లాక చివరి గిన్నె మిగిలింది. మందు పొయ్యనిది, తోడు గిన్నె. భూతద్దం కింద పెట్టి చూశాను. అంతా రాలిపోయింది, ఒక అంచున మాత్రం నలుగురైదుగురు పొరని పట్టుకుని ఉన్నారు. నా చెయ్యి దానంతటదే గీకే పుల్ల మీదకి వెళ్లింది. ఇరవయ్యేళ్ల అలవాటు. పైగా అది అత్త కాదు, వాడు.

పుల్ల కింద పెట్టేశాను. గిన్నె సింకులో వంచాను. వెనకాలే మరిగే నీళ్లు పోశాను. తర్వాత మన అత్త సీసా కూడా తెచ్చి వంచాను. ఇన్నేళ్లు గంజి పోసిన చేత్తోనే. అక్కడే స్టూలు మీద కూర్చుని కాసేపు ఏడ్చాను, అది కూడా రాసుకో.

ఇకమీదట ఈ గది పద్ధతి. పొడి తగిలిన గిన్నెలోంచి తోడు తియ్యకూడదు. పొడి సోకని సీసాలోంచే తియ్యాలి. నా తర్వాత వచ్చేవాళ్లకి చెప్పు.

సాయంత్రం తమ్ముడింటికి వెళ్లాను. తలుపుకి తడిగోనె కట్టి ఉంది. వాడు మంచం మీద కూర్చుని, దిండు మీద గడ్డం ఆనించి, నాకోసమే చూస్తున్నాడు.

"ఎలాగున్నానప్పా?" అన్నాడు.

"చచ్చావురా."

"మొత్తం?"

"అంచున కొంచెం మిగిలావు. పారబోశాను."

తోడు సంగతి వాడికి తెలుసు కదా. "మంచి పని చేశావు" అన్నాడు. "అయితే ఎల్లుండి ఎక్కక్కర్లేదు" అన్నాడు.

"ఎక్కక్కర్లేదు. ఊపిరి గదే ఆ పొడి మంచిది కాదంది. ఇల్లు ఖాళీ చెయ్యమనడానికీ లేదు."

వాడు దగ్గాడు. అది మానదు, ఈ జన్మకి మానదని డాక్టరు నాకు విడిగా చెప్పాడు. దగ్గు అయ్యేదాకా వీపు నిమిరాను. లోపలినుంచి సన్యాసమ్మ మజ్జిగ గ్లాసు తెచ్చి వాడికిచ్చి, నాకూ ఒకటి ఇచ్చింది. పాత పెరుగంతా పారబోసి పక్కింటినుంచి కొత్త తోడు తెచ్చిందట.

తాగాను. కమ్మగా ఉంది. ఇంతే గోడా, ఇవాళ్టికి చెవులు మూసుకో.